ఏడాదికి రెండు పంటలు

ఆ పరిశోధన క్షేత్రంలో ఆమెను అందరూ పట్టకారమ్మ అనేవారు. మొదట్లో చాటుగా అనేవారు గానీ, ఒకరోజు ఆఫీసు ఫోనెత్తి ఆమే "ఆఁ, పట్టకారమ్మనే మాట్లాడుతున్నా, చెప్పండి" అనేసరికి ఆ బెరుకు కూడా పోయింది. ఆమె చేతిలో ఎప్పుడూ వేలెడు పొడవున్న సన్నటి పట్టకారు ఉండేది. తెల్లవారి మంచు ఇంకా ఆరకముందే గోధుమ మడిలో పీట వేసుకుని కూర్చునేది. కంకిలో ఒక్కో పువ్వునూ విప్పి, లోపలి మూడు కేసరాలనూ తీసేసి, కాగితం తొడుగు వేసి చీటీ కట్టేది. రెండు మూడు రోజులు ఆగి, అడవి గడ్డి పుప్పొడి తెచ్చి ఆ పువ్వులకు అద్దేది. పువ్వు ఏమాత్రం నలిగినా గింజ పట్టదు. వంద పువ్వులు ముట్టుకుంటే మామూలు చేతికి పది గింజలు దక్కడమే గగనం. ఆమె చేతికి ముప్ఫై దక్కేవి.

ఆ గడ్డికి ఒక మొండితనం ఉంది. కోసినా చావదు. వేళ్లు మనిషి నిలువుకు మించి లోతుకు దిగుతాయి, మరుసటేడు దానంతటదే మళ్లీ లేస్తుంది. గోధుమ అలా కాదు. గింజ లావు, కడుపు నింపుతుంది, కానీ ఏటా దున్నాలి, ఏటా విత్తాలి. దున్నినప్పుడల్లా పైమట్టి కొంత గాలి పాలు, కొంత వాన పాలు. తినే నోళ్లు పెరుగుతున్నాయి, పండించే మట్టి తరుగుతోంది. ఆ గడ్డికీ గోధుమకీ పెళ్లి చేసి, ఒకసారి విత్తితే నాలుగైదేళ్లు కోసుకునే గోధుమను పుట్టించాలని ఆ క్షేత్రం వాళ్లు పట్టుబట్టి కూర్చున్నారు.

ఆమె భర్తదీ అక్కడే ఉద్యోగం. కూలీలు ఆయన్ని మట్టి సారు అనేవారు. మొక్కల పక్కన గొయ్యి తవ్వించి, అందులోకి దిగి, వేళ్లు ఎంత లోతుకు పోయాయో కొలవడం ఆయన పని. దూరం నుంచి చూస్తే మడి మధ్యలో తల ఒక్కటే కనపడేది. ఒక మధ్యాహ్నం ఆ తల ఆమెను మంచినీళ్లు అడిగింది. ఆమె గొయ్యి అంచున కూర్చుని సీసా అందించింది. అలా మొదలైన మాటలు ఏడాది తిరిగేసరికి పెళ్లి దాకా వచ్చాయి.

"పెళ్లయితే మగవాళ్లు గోతిలో పడ్డారంటారు. మావాడు గోతిలో ఉండగానే దొరికిపోయాడు," అని అత్తగారు చుట్టాలందరికీ చెప్పి నవ్వించేది.

పెళ్లయిన రెండేళ్లకు డైరెక్టరుగారు ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. ఆవిడ మాటల్లో నాన్చుడు ఉండదు.

"ఇక్కడ మనకి శీతాకాలం ఒక్క పంటే. కొండ మీద క్షేత్రంలో అయితే ఎండాకాలం పండుతుంది. ఇక్కడ కోసిన గింజ అక్కడికి, అక్కడ కోసింది ఇక్కడికి పంపించుకుంటే ఏడాదికి రెండు పంటలు. ఇరవై ఏళ్ల పని పదేళ్లలో తేలుతుంది. అక్కడ నమ్మకమైన మనిషి కావాలి."

"ఇద్దర్నీ పంపించండి మేడం," అన్నాడాయన.

"ఇద్దరూ అక్కడ కూర్చుంటే ఇక్కడ పువ్వులెవరు ముట్టుకుంటారయ్యా? ఆ చెయ్యి ఇంకోటి తెచ్చివ్వు, పంపిస్తాను."

మూడేళ్లు అన్నారు. మూడేళ్లంటే కళ్లు మూసి తెరిచేంతలో అయిపోతాయి అనుకున్నారు ఇద్దరూ. ఆమెకు అప్పుడు ముప్ఫై ఒకటి.

కొండ మీద క్షేత్రానికి రెండు రోజుల ప్రయాణం. రైలు దిగి బస్సెక్కాలి, బస్సు దిగి జీపెక్కాలి, మంచు పడితే ఆ జీపు కూడా ఉండదు. ఫోను పలకాలంటే ఆయన నీళ్ల ట్యాంకు ఎక్కాలి. ఆదివారం పొద్దున్నే ఎక్కేవాడు. ఇవతల ఆమె చెవిలో గాలి హోరు ముందు వినపడేది, దాని వెనక ఆయన గొంతు.

"చలి కొరికేస్తోంది, తొందరగా చెప్పు, ఏంటి విశేషాలు?"

తొందరగా చెప్పగలిగినవన్నీ ఆమె చెప్పేది. అత్తగారి మోకాళ్లు, వంటింటి కొళాయి కారడం, మూడో మడిలో ఎలుకలు. చెప్పడానికి నిదానం కావాల్సినవి చెప్పకుండానే మిగిలిపోయేవి. వారం గడిచేసరికి వాటి మీద ఇంకో వారానివి చేరేవి.

ఏడాదికి రెండుసార్లు, విత్తనం మోసుకుని, ఆయన దిగి వచ్చేవాడు. నాలుగు రోజులుండేవాడు. అందులో రెండు రోజులు ఇద్దరూ గింజలు తూచి, సంచులు సర్దడంతోనే సరిపోయేది. చిన్న చిన్న గుడ్డసంచులు, ఒక్కోదానికి ఒక అట్టముక్క. అట్ట మీద పదకొండు గడులు. మొక్క ఎత్తు, కంకి పొడవు, గింజ బరువు, చలికి తట్టుకున్నదా లేదా, మళ్లీ చిగురించిందా లేదా. ఆయన చీమల బారులాంటి రాతతో గడులన్నీ నింపేవాడు. ఖాళీ గడి ఆయనకు చెప్పులో రాయితో సమానం. ఆయన వెళ్లిపోయాక ఆమె ఆ సంచుల్ని ఒక్కొక్కటే విప్పేది. విప్పే ముందు ముక్కు దగ్గర పెట్టుకునేది. కొండ మట్టి తడివాసన, కిరోసిన్ స్టవ్ వాసన, ఆయన చొక్కా జేబులో ఉండే వాసన. సాయంత్రానికి అవి పోయి వట్టి గుడ్డ వాసన మిగిలేది.

మూడేళ్లు ఐదయ్యాయి. ఒక ఏడు చలి ముదిరి పై క్షేత్రంలో మొక్కలన్నీ మాడిపోయాయి, రెండేళ్ల పని తుడిచిపెట్టుకుపోయింది. ఆ మధ్యలో ఒకసారి ఆయన వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. పిల్లలు కావాలని ఇద్దరికీ ఉంది. ఆయన తిరిగొచ్చేశాక అనుకుంటూ వచ్చారు. డాక్టరమ్మ పరీక్షలు చూసి, ఆయన ఏడాదికి ఎన్ని రోజులు ఇంట్లో ఉంటాడో అడిగింది. విని, గోడ మీది క్యాలెండరు వంక ఒకసారి చూసింది.

"లోపమైతే పెద్దగా ఏం లేదు. కానీ మీకు ముప్ఫై ఐదు దాటాయి. ఇలా కొండకొకరు కోనకొకరు ఉంటే ఎలా? ఇక ఆలస్యం చెయ్యకండి," అంది.

ఇద్దరూ బుద్ధిగా తలూపారు. నాలుగో రోజు సాయంత్రం ఆయన రైలెక్కాడు.

అత్తగారు మాత్రం ఉన్నమాట మొహానే అనేది. "మీ ఇద్దరి కంటే ఆ గింజలు నయమే. ఏడాదికి రెండుసార్లు కడుపు పండించుకుంటున్నాయి." అని, నోరు జారానని తెలిసి, కోడలి కంచంలో ఇంకో రొట్టె వేసేది.

ఏడో ఏడు, రెండు వందల పద్దెనిమిదో రకం కుదిరింది. పై క్షేత్రంలో మూడు చలికాలాలు బతికి, మూడుసార్లూ మళ్లీ లేచింది. గింజ గోధుమంత లావు కాకపోయినా పిండికి పనికొచ్చేంత ఉంది. క్యాంటీనులో దాని పిండితో రొట్టెలు చేసి అందరికీ తలా ఒక ముక్క పెట్టారు. కూలీల మేస్త్రీ రెండో ముక్క అడిగాడు. డైరెక్టరుగారు ఆనందం పట్టలేక కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడారు.

"ప్రభుత్వం నుంచి కమిటీ వస్తోంది. గడులన్నీ సరిగ్గా నిండితే ఈ పంటతోనే రైతులకు విడుదల. పై క్షేత్రం పని ముగిసినట్టే. మీ ఆయన్ని ట్రంకుపెట్టె సర్దుకోమని చెప్పు."

ఆ మాట విన్న రోజు ఆమె ఇంటికి నడిచి వెళ్లలేదు, తేలి వెళ్లింది. బీరువాలో రెండో అర ఖాళీ చేసింది. ఆయన వైపు దిండుకు గలీబు మార్చింది. అత్తగారు చూసి, ఆ పూట పాత పాటేదో కూనిరాగం తీసింది.

వారానికి పై క్షేత్రం నుంచి పార్సిల్లో సంచి ఒక్కటే వచ్చింది. అట్టముక్క మీద పది గడులు నిండి ఉన్నాయి. పదకొండోది ఖాళీ. గింజ రాలడం అన్న గడి అది.

అడవి గడ్డికున్న పాడు గుణం అదొక్కటే. పండగానే గింజను తనంతట తనే నేల మీదికి విదిల్చేస్తుంది. తన సంతానం కోసం దానికది మంచిదే, కోసుకునేవాడికి మాత్రం కాదు. గోధుమతో కలిపేటప్పుడు ఆ గుణాన్ని వదిలించడానికే వాళ్ల ఏడేళ్లలో నాలుగేళ్లు పోయాయి.

మర్చిపోయి ఉంటాడు అనుకుంది. కానీ మర్చిపోయే మనిషి కాడు. తన మడిలోని కంకులు బాగా పండేదాకా ఆగి, ఇరవై కోసి, పళ్లెం మీద ఒక్కోదాన్ని మూడుసార్లు తట్టి చూసింది. రాలిన గింజలు లెక్కపెట్టింది. నూటికి ఇరవై ఒకటి. మర్నాడు ఇంకో ఇరవై కంకులు. మళ్లీ అంతే. మూడో రోజు పళ్లెం మార్చింది, ఏదో పళ్లెం తప్పు చేసినట్టు. గింజలు పళ్లెం మీద చిటపటమని వానలా రాలాయి.

పదకొండో గడి ఎందుకు ఖాళీగా ఉందో ఆమెకు అప్పుడు అర్థమైంది.

ఆ ఆదివారం గాలి హోరులో అడిగింది. "ఏమండీ, ఒక గడి వదిలేశారు."

"నీ దగ్గర ఎంతొస్తే అదే వేసుకో," అన్నాడు. "ఉంటాను, చేతులు గడ్డకట్టిపోతున్నాయి."

ఒక దారి ఉంది. కంకిలో ఇంకా కొంచెం పచ్చిదనం ఉండగానే కోస్తే గింజ గట్టిగా పట్టుకునే ఉంటుంది. అలా ఐదు రోజులు ముందుగా కోసిన కట్ట ఒకటి గోడౌనులో ఉంది. దాన్ని తట్టింది. నూటికి రెండు. అది అబద్ధం కాదు. తట్టింది నిజం, రాలింది నిజం. ఎప్పుడు కోశారో రాసే గడి ఆ అట్ట మీద లేదు. ఆమె పెన్సిలు తీసుకుని పదకొండో గడిలో "రెండు" అని రాసి, అట్టను సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చింది.

అత్తగారు గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. కోడలూ పక్కన కూర్చుని ఒలవసాగింది. నాలుగు కాయలు ఒలిచి అడిగింది.

"అత్తయ్యా, ఐదు రోజులు ముందే కోసుకోవాలి, లేకపోతే రాలిపోతుంది అని చెప్పి రైతుకి విత్తనం ఇస్తే, చెప్పిన రోజుకి కోసుకుంటాడంటారా?"

అత్తగారు పుట్టింట్లో చేను తెలిసిన మనిషి. నవ్వింది. "చెప్పిన రోజుకి కోసే రైతెక్కడ దొరికాడే నీకు? కోతనాటికే ఇంట్లో ఒకరికి జ్వరమొస్తుంది. కూలీలు పక్కూరు పోతారు. మిషను వాడు ఇదిగో అదిగో అంటాడు. అంతా కుదిరిన రోజున వాన పడుతుంది. ఐదు రోజులంటే మాటలా? ఏడాది తిండి నేలపాలవుతుంది."

ఆమె చెయ్యి ఆగిపోవడం అత్తగారు గమనించింది. కోడలి మొహం వంక, ఒళ్లో ఉన్న సంచి వంక చూసింది. ఆవిడకు లెక్కలు రావు గానీ మనుషులు వచ్చు.

"వాడు రావడం దీనితో ముడిపడి ఉందా?"

ఆమె తలూపింది.

అత్తగారు గిన్నె పక్కకు జరిపింది. "అయితే నన్ను సలహా అడక్కు తల్లీ. నేను వాణ్ణి కన్నదాన్ని. ఏదో ఒకటి రాసెయ్యమంటాను. ఇప్పుడు చేను గురించి చెప్పాను చూడు, అది కూడా అబద్ధమనేస్తాను." అని మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆమె అక్కడే కూర్చుంది. గుమ్మం ముందు వీధిలో స్కూలు వదిలారు. బ్యాగులు వేలాడేసుకుని పిల్లలు గుంపులుగా పోతున్నారు. అందరూ పోయేదాకా చూసింది. తర్వాత రబ్బరు తీసి గడిలో రాసింది చెరిపేసి, ఈసారి పెన్నుతో "ఇరవై ఒకటి" అని రాసింది. పెన్నుతో ఎందుకంటే, తన మీద తనకు అంత నమ్మకం లేదు.

డైరెక్టరుగారు అట్ట చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "మళ్లీ మొదటికొచ్చాం," అన్నారు. అద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకుని, "మంచి పని చేశావు," అన్నారు. ఆ రెండో మాట వినడానికి ఆమె అక్కడ లేదు.

ఆదివారం ఆయన ఫోను వచ్చింది.

"రాసేశాను," అంది ఆమె.

"ఎంత?"

"ఇరవై ఒకటి."

"నాకు ఇరవై మూడు వచ్చింది."

"తెలుసు."

"రాయడానికి చెయ్యి రాలేదు."

"అదీ తెలుసు."

"నువ్వు తక్కువేసి రాస్తావేమో అనుకున్నాను," అన్నాడు. గాలి తగ్గి ఆ మాట మాత్రం పక్కన కూర్చుని చెప్పినంత స్పష్టంగా వినపడింది.

"నేనూ అలాగే అనుకున్నాను," అంది ఆమె.

మరో నాలుగేళ్లు పట్టింది. వేల మొక్కల్లో గింజను వదలని మొక్క ఒక్కటి దొరకాలి. ఆమె రోజూ మడుల వెంట నడిచి కంకుల్ని వేళ్లతో తడిమేది. ముట్టుకోగానే అరచేతిలో గింజలు రాలేవి. రాలిన ప్రతిసారీ ఆయన వచ్చే తారీఖు ఇంకొంచెం దూరం జరిగేది.

అందులో రెండో ఏడు డాక్టరమ్మ రిపోర్టు చదివి మూసేసి, బల్ల మీదుగా చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇక పిల్లల మాట లేదని వేరే చెప్పనక్కర్లేకపోయింది. అది ట్యాంకు మీద మనిషికి చెప్పే సంగతి కాదని, ఆయన వచ్చేదాకా రెండు నెలలు ఆగింది. ఆయన వచ్చి, సంచులు దింపి, చెప్పులు విడుస్తూ ఆమె మొహం చూసి, ఒక చెప్పు కాలికి ఉండగానే మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఆమె పక్కన కూర్చుంది. "ఆ రోజు నేనే నింపి పంపించాల్సింది, తక్కువేసి," అన్నాడు. "మీరు నింపినా నేను మళ్లీ తట్టి చూసేదాన్ని," అంది ఆమె. లోపలి నుంచి అత్తగారు భోజనానికి పిలిచింది. మూడుసార్లు పిలిచి ఊరుకుంది.

మూడో ఏడు, కోతలకు ముందు గాలివాన వచ్చింది. తెల్లారి వెళ్లి చూస్తే మడులన్నీ వట్టి కంకులే, నేలంతా గింజలు. చివరి వరసలో ఒక్క మొక్క వంగి ఉంది, దాని కంకుల్లో మాత్రం ఒక్క గింజ కూడా చెదరలేదు. ఆమె వేళ్లతో తడిమింది. గట్టిగా తట్టింది. ఆ బురదలోనే మోకాళ్ల మీద కూర్చుని, ఎవరూ లేరు కదా అని, గట్టిగా ఏడ్చింది. మేస్త్రీ దూరం నుంచి చూసి, ఇది కూడా పోయిందేమో అనుకుని టోపీ తీశాడు.

ఆ ఒక్క మొక్క గింజల్ని రెండు క్షేత్రాల్లోనూ పెంచారు, మరుసటేడు విత్తనం విడుదలైంది. ఆయన ట్రంకుపెట్టె, రెండు బ్యాగులతో వచ్చేశాడు. ఆమెకు నలభై రెండు.

పదకొండేళ్లు ఎదురుచూసిన మనిషి ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో ఆమె వెయ్యిసార్లు ఊహించుకుంది. ఊహించినట్టు లేదు. ఎదురుగా కూర్చున్న మనిషితో కూడా గాలికి ఎదురు అరిచినట్టు మాట్లాడేవాడు. దుప్పటి అక్కర్లేదని తన్నేసేవాడు. ఒంటరిగా వండుకుని తిన్న అలవాటుకి, గిన్నెలోంచే తినేసి గిన్నె కడిగి బోర్లించేవాడు. ఆయన జుట్టు నెరవడం ఆమెకు ముందే తెలుసు, విడతలు విడతలుగా చూసింది కాబట్టి. కానీ ఆయన నడక ఎప్పుడు నెమ్మదించిందో తెలియదు. అది మిగతా మూడు వందల యాభై రోజుల్లో ఎప్పుడో జరిగింది. నవ్వుతూ రైలెక్కిన ముప్ఫై మూడేళ్ల మనిషి కోసం ఆమెకు ఇంకా దిగులుగానే ఉండేది, ఆయన పక్క గదిలో పేపరు చదువుతూ ఉండగా కూడా. ఆ దిగులు ఎవరితో చెప్పుకోవాలో తెలిసేది కాదు. చెప్పుకోవాల్సిన మనిషి ఆయనే.

విత్తనం తీసుకున్న ఒక రైతు మూడో కోతకు ఇద్దర్నీ రమ్మని కబురు చేశాడు. బస్సులో మూడు గంటలు. చేలో గోధుమ నడుమెత్తున ఉంది. రెండేళ్లుగా నాగలి దిగని నేల, అడుగేస్తే మెత్తగా దిగబడుతోంది. మట్టి సారు అలవాటుగా కూర్చుని గుప్పెడు మట్టి తీసి చూశాడు. వానపాము ఒకటి బయటికొచ్చి మళ్లీ లోపలికి పోయింది.

"దిగుబడి పాతదాని కంటే తక్కువేనండీ, ఉన్నమాట చెప్పాలి కదా," అన్నాడు రైతు. "కానీ విత్తేపని లేదు, దున్నేపని లేదు. మొన్న విత్తుల కాలంలో ఊరంతా పొలాల్లో ఉంటే నేను పట్టపగలు పడుకున్నాను. చచ్చానేమోనని మా తమ్ముడు చూసిపోయాడు."

రైతు కోడలు కోతకు దిగుతూ, చంటిపిల్లను పట్టకారమ్మ చేతికిచ్చింది. "కాసేపు చూడండమ్మా, ఈ వరస కోసి వస్తాను." పిల్ల బరువుగా, వెచ్చగా ఉంది. ఆమె గట్టు మీద కూర్చుని, ఆ వరస పూర్తయ్యేదాకా కదలకుండా పట్టుకుంది. కోడలు వచ్చి చేతులు చాపితే ఇచ్చేసింది. కాసేపటి దాకా ఆమె చేతులు అదే వంపులో ఉండిపోయాయి.

అవతల రైతుకీ భార్యకీ కొడవలి దగ్గర మాటా మాటా పెరిగింది. ఎవరు ఎక్కడ పెట్టారన్నది తగువు. "నీ చేతికిచ్చాను", "నా చేతికిస్తే నా చేతిలోనే ఉండేది" అని అరుచుకుని, అరుచుకుని, చివరికి పక్కపక్కనే కూర్చుని ఒకే చెంబులో నీళ్లు తాగారు. ఆమె కన్నార్పకుండా వాళ్లనే చూసింది. ఏడాదికి ఎనిమిది రోజులు కలిసే మొగుడూ పెళ్లాం తగువులాడుకోరు. అంత తీరిక ఉండదు.

తిరుగు బస్సులో ఆయన కిటికీ తెరిచాడు. ఆమె మూసింది.

"గాలి రానీ," అన్నాడు.

"దుమ్ము వస్తోందండీ."

"దుమ్మేంటి, మట్టేగా. మట్టికి భయపడితే ఎలా?"

"మీకు ఏ గాలైనా పడుతుంది, నాకు పడదు. కొండ మీద పదకొండేళ్లు కిటికీలు తెరుచుకుని పడుకున్నారు, నేనొద్దన్నానా?"

"అంటే ఏంటి నీ ఉద్దేశం? నేను సరదాకి వెళ్లానా?"

"నేను సరదాకి ఉన్నానా ఇక్కడ?"

ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. వాళ్లు పట్టించుకోలేదు. కిటికీ గురించి మొదలైంది కొళాయి మీదికి పోయింది, కొళాయి మీంచి ఖాళీ గడి మీదికి, డాక్టరమ్మ మీదికి, ఎవరు రమ్మనలేదు, ఎవరు వస్తాననలేదు అన్నదాని మీదికి పోయింది. ఆయన గొంతు బస్సంతా వినపడింది. ఆ తర్వాత ఇద్దరూ మొహాలు తిప్పుకుని కూర్చున్నారు. దిగాల్సిన స్టాపు ఇంకా గంటన్నర దూరం ఉంది. బస్సు కుదిపినప్పుడల్లా భుజాలు తగిలాయి. ఇద్దరిలో ఎవరూ పక్కకు జరగలేదు.